అద్దంలో సగం మోచెయ్యే కనిపిస్తోంది!

బండి అద్దాల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి ఒకేచోట జవాబులిస్తున్నాం. మొదటి జవాబు కాస్త పెద్దది. తక్కిన చాలా జవాబులు దాని మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి ముందు అది చదవండి.

ప్రశ్న: రోజూ నరసన్నపేట నుంచి శ్రీకాకుళానికి హైవే మీద 125 సీసీ బండిపై వెళ్లొస్తాను. రెండు అద్దాల్లోనూ సగానికి సగం నా మోచేతులూ భుజాలే. బయటికి తిప్పితే రోడ్డు పక్క చెట్లు కనిపిస్తాయి గాని, వెనక వచ్చే బస్సు మాత్రం కనపడదు. పెద్ద అద్దాలు వేయించుకోవాలా?
— ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: వద్దు. ఉన్న అద్దాలే సరిపోతాయి. మీరు అద్దాన్ని తిప్పుతున్నారు గాని అది నిలబడ్డ రాడ్డును కదపలేదు. రాడ్డు వంపు మీవైపు తిరిగి ఉంటే అద్దం మోచేతి వెనక దాక్కుంటుంది. అప్పుడు అద్దాన్ని ఎంత తిప్పినా చెయ్యి అడ్డం తప్పదు. ముందు రాడ్డు, ఆ తర్వాతే అద్దం. ఈ వరస తప్పితే పని కుదరదు.

వెనక కనీసం 50 మీటర్ల మేర తిన్నటి రోడ్డు కనిపించే చదునైన చోట బండి పెట్టండి. సైడ్ స్టాండ్ మీద చూసుకోవద్దు, బండి ఎడమకి వాలిపోయి కొలత తప్పుతుంది. సెంటర్ స్టాండ్ వేసినా వెనక చక్రం లేచి లెక్క మారుతుంది. రెండు చక్రాలూ నేలమీద ఉండి, మీరు సీటు మీద కూర్చుని, ఇంకొకరు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంటే మంచిది. హెల్మెట్ పెట్టుకోండి. రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి. అద్దం చూసుకోవడం కోసం నిటారుగా కూర్చుని సరిచేసుకుంటే, దారిలో నడుం కాస్త వంగగానే అంతా మారిపోతుంది.

రాడ్డు అడుగున రబ్బరు తొడుగు ఉంటుంది, దాన్ని పైకి లాగండి. కింద లాక్ నట్టు కనిపిస్తుంది. చాలా బళ్లకు 14 నంబరు పానా పడుతుంది, కొన్నింటికి 17. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే వదులవుతుంది. (యమహా బండైతే కుడివైపు తొందరపడకండి, ఆ సంగతి కింద ఉంది.) ఒకదాని కింద ఒకటి రెండు ఆరుమూలల నట్లు కనిపిస్తే, కిందదాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని పైదాన్ని ఇంకో పానాతో వదులు చెయ్యండి. నట్టు పూర్తిగా ఊడదియ్యక్కర్లేదు, అర చుట్టు చాలు.

ఇప్పుడు రాడ్డు వంపును బాగా బయటికి, కొద్దిగా ముందుకు ఉండేలా తిప్పండి. హ్యాండిల్‌ను ఆ చివరికీ ఈ చివరికీ పూర్తిగా తిప్పి చూడండి. అద్దం గాని రాడ్డు గాని ట్యాంకుకో, హెడ్‌లైటు పైకవరుకో, బ్రేకు లివరు పట్టుకున్న వేళ్లకో తగలకూడదు. నట్టు బిగించేటప్పుడు చివరి పావు చుట్టులో అది రాడ్డును కూడా తనతో లాక్కుపోతుంది. అందుకని రాడ్డును కావలసిన చోటు కంటే వేలి మందం వెనక్కి పెట్టి బిగించండి, సరిగ్గా చోటుకొచ్చి ఆగుతుంది. నట్టు కూర్చున్నాక ఇంకో పావు చుట్టుకు మించి బిగించవద్దు. అది కూర్చునేది లివరును హ్యాండిల్‌కు పట్టించే అల్యూమినియం హోల్డర్ మీద. అక్కడ బలం చూపిస్తే మర పోతుంది.

తర్వాత అద్దం. లోపలి అంచున మీ భుజం కొస గాని మోచేతి కొస గాని పావు భాగానికి మించకుండా కనిపించాలి. పూర్తిగా మాయం చెయ్యకండి. ఆ కొస కనిపిస్తేనే వెనక వచ్చే బండి మీకు ఎంత పక్కగా ఉందో కంటికి అందుతుంది. రోడ్డు ఆకాశాన్ని తాకే గీత అద్దం ఎత్తులో నడిమికి గాని, వేలి మందం పైకి గాని రావాలి. ఆకాశం సగానికి మించి ఉంటే అద్దం పైకి చూస్తోందన్నమాట. అద్దాన్ని ఒకపక్క అంచు పట్టి నొక్కకండి, అద్దం వెనక అది తిరిగే గుండు జాయింటు ఒకపక్కే అరుగుతుంది. రెండు అంచులూ రెండు చేతుల వేళ్లతో పట్టి తిప్పండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, అద్దం ఒక డిగ్రీ తిరిగితే అందులోని చూపు రెండు డిగ్రీలు తిరుగుతుంది. 50 మీటర్ల వెనక అది దాదాపు 1.75 మీటర్ల తేడా. మీ వరసలో వస్తున్న కారు, పక్క వరసలో ఉన్నట్టు కనిపించడానికి అంత చాలు. రెండు మూడు రోజులు తిరిగాక నట్టు ఒకసారి మళ్లీ చూడండి.

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర కుడికి తిరగబోయాను. కుడి అద్దంలో ఎవరూ లేరు. తిరగబోయేసరికి పక్కనే ఆటో! అద్దం సరిగ్గానే ఉంది. మరి ఎందుకు కనపడలేదు?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అద్దం ఎంత బాగా పెట్టినా మీ భుజానికి కాస్త వెనగ్గా, పక్కగా ఒక చోటు అద్దానికీ అందదు, కంటి కొసకీ అందదు. ఆటో సరిగ్గా ఆ చోట ఉంది. మీ బండికి ఆ చోటు ఎక్కడుందో ఒక్కసారి కొలిచి చూసుకోండి, జీవితాంతం పనికొస్తుంది. మీరు బండి మీద కూర్చుని ముందుకే చూస్తూ ఉండండి. ఇంట్లోవాళ్లెవరినైనా 10 మీటర్ల వెనక నుంచి మీ కుడిపక్కగా, బండికి మీటరున్నర దూరంలో నెమ్మదిగా నడిచి రమ్మనండి. అద్దంలో మాయమైన చోట ఒక సుద్దగీత, తల తిప్పకుండా కంటి కొసకు మళ్లీ తగిలిన చోట ఇంకో గీత గియ్యమనండి. ఆ రెండు గీతల మధ్య ఉన్నదంతా మీకు కనపడని నేల. ఎడమవైపూ అలాగే చూసుకోండి.

ఆ ఖాళీని అద్దం మార్చి పూర్తిగా పూడ్చలేం. తిరిగే ముందు అద్దం చూడండి, ఇండికేటర్ వేయండి, గడ్డం భుజం మీదికి వచ్చేలా ఒక్క క్షణం తల తిప్పి చూడండి, ఆ తర్వాతే హ్యాండిల్ తిప్పండి. తల తిప్పినప్పుడు చెయ్యి కూడా అటు లాగుతుంది, బండి పక్కకు పోతుంది. అందుకే భుజాలు వదులుగా ఉంచుకుని ఖాళీ మైదానంలో పదిసార్లు అలవాటు చేసుకోండి. 50 మి.మీ. గుండ్రటి అంటింపు అద్దాలు దొరుకుతాయి, వాటిని కిందివైపు బయటి మూలలో అంటిస్తే కొంత మేలు. నడిమికి అంటిస్తే అసలు అద్దమే పోతుంది. అవి ఉన్నా తల తిప్పడం మానకండి.

ప్రశ్న: పడిపోయి కుడి అద్దం పగిలితే కొత్తది ఒకటే వేయించాను. ఇప్పుడు ఒకే లారీ ఎడమ అద్దంలో దూరంగానూ, కుడి అద్దంలో దగ్గరగానూ కనిపిస్తోంది. ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, రణస్థలం

జవాబు: ఎడమది కుంభాకార అద్దం (నడుమ బయటికి ఉబ్బినది), కొత్తది చదును అద్దం అయ్యుంటుంది. ఇనప స్కేలు నిలువుగా పట్టి దాని అంచును అద్దానికి ఆనించండి. నడుమ తగిలి రెండు కొసల దగ్గర వెలుతురు సందు కనిపిస్తే కుంభాకారం. అంచు మొత్తం ఆనితే చదును.

చదును అద్దంలో బొమ్మ సహజమైన సైజులోనే ఉంటుంది, కాని చూపు ఇరుకు. కుంభాకారంలో చూపు విశాలం, బొమ్మ చిన్నది. ఎంత చిన్నదో లెక్క చెప్తాం. అద్దం వంపు వ్యాసార్థం 1.2 మీటర్లు, కంటికి అద్దం 60 సెం.మీ. దూరం అనుకోండి. 50 మీటర్ల వెనకున్న లారీ చదును అద్దంలో కనిపించే సైజులో దాదాపు సగమే కనిపిస్తుంది. అంటే కంటికి అది 100 మీటర్ల దూరంలో ఉన్నట్టే. మీరు గంటకు 50 కి.మీ., అది 80 కి.మీ. వేగంతో వస్తుంటే ఆ 50 మీటర్లు 6 సెకన్లలో పూర్తవుతాయి. “ఇంకా దూరంలోనే ఉందిలే” అనుకునే టైము లేదు.

కుడి, ఎడమ వేరువేరు రకాలు ఉండకూడదు. కన్ను ఒకదానికి అలవాటుపడి రెండోదాన్ని తప్పుగా చదువుతుంది. కుంభాకార జతే వేయించుకోండి. కుడివైపు దాటబోయేటప్పుడు దూరం అంచనాను తల తిప్పి సరిచూసుకోండి.

ప్రశ్న: చీపురుపల్లి సంతకి మా ఆవిడ వెనక కూర్చుంటుంది, వచ్చేటప్పుడు బస్తా కూడా. అప్పుడు అద్దాల్లో దగ్గరి నేలే కనిపిస్తుంది. ఒక్కణ్నే వెళ్తే బాగుంటుంది. ఇదేమి తేడా?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: బరువుకి వెనక షాకబ్జార్బర్లు కుంగి బండి ముందు లేస్తుంది, వెనక్కి చూసే అద్దం కిందికి చూస్తుంది. చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లున్న బండి వెనక 4 సెం.మీ. కుంగితే అది దాదాపు 2 డిగ్రీలు. అందుకే దూరపు రోడ్డు అద్దం పై అంచుకి పోతుంది. అద్దం పై అంచును ఒక్క పిసరు ముందుకు, అంటే మీకు దూరంగా నెట్టండి. ఒక డిగ్రీ చాలు. దించాక మళ్లీ వెనక్కి తెచ్చుకోండి. రోజూ మోత ఉంటే షాకబ్జార్బరు అడుగున స్ప్రింగు బిగువు గీతలు ఉంటాయి, రెండువైపులా ఒకే గీతకి, ఒక్కో మెట్టు పెంచండి. టైరు గాలి కూడా ఇద్దరికి చెప్పినంత ఉండాలి. ఎంతో చెయిన్ కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప చెయ్యి) మీదో అంటించిన కాగితం మీద ఉంటుంది.

మీ ఆవిడ చీరలో ఎడమకి కాళ్లు వేసి ఒకపక్కగా కూర్చుంటే ఎడమ అద్దం లోపలి భాగం ఆవిడ మోకాళ్లకీ, సంచికీ పోతుంది. సంచి ఒళ్లో కాకుండా మీ ఇద్దరి మధ్య పెట్టించండి. ఎడమ అద్దాన్ని కాస్త బయటికి తిప్పుకోండి. బస్తా హ్యాండిల్ వెడల్పు దాటి బయటికి వస్తే ఏ అద్దమూ పనిచెయ్యదు, అడ్డంగా కాకుండా నిలువుగా కట్టండి.

ప్రశ్న: మా గుంటడు డిగ్రీ చదువుతున్నాడు. అద్దాలు తీసేసి తిరుగుతున్నాడు. అందంగా ఉండవట. లోపలికి మడిచి పెట్టుకుంటే సరిపోదా?
— ఒక తల్లి, రాజాం

జవాబు: సరిపోదమ్మా. మడిచిన అద్దంలో అతని మొహమే కనిపిస్తుంది. అద్దాలు తీసేసి నడపడం మోటారు వాహనాల నిబంధనలకు కూడా విరుద్ధం. చూడటానికి బాగోవనేది ఒక్కటే అభ్యంతరమైతే చిన్నసైజు కుంభాకార జత ఒకటి కొనివ్వండి. హ్యాండిల్ చివర పెట్టే రకం మాత్రం వద్దు. సందుల్లో ఆటోలకి, మనుషులకి తగులుతుంది, చూపు కూడా చాలా కిందికి దించాల్సొస్తుంది.

ప్రశ్న: 60 దాటగానే అద్దంలో అంతా పొర కమ్మినట్టు మసకగా వణుకుతుంది. 40లో స్పష్టంగా ఉంటుంది.
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఒకే సిలిండరు ఇంజనుకి అదురు సహజం. ఆ అదురు ఒక వేగంలో రాడ్డు సొంత ఊగుతో కలుస్తుంది, అక్కడే అద్దం మసకబారుతుంది. ఆ వేగానికి పైనా కిందా బాగుంటే అదే సంగతి. వేగం ఎంత పెరిగితే అంత వణికితే మాత్రం ఎక్కడో వదులైంది.

ముందు లాక్ నట్టు చూడండి. తర్వాత గోటితో అద్దం మీద తట్టండి, టకటక శబ్దం వస్తే లోపల జిగురు ఊడింది. హ్యాండిల్ రెండు చివర్లా ఉండే ఇనప బరువులు ఉన్నాయా? గ్రిప్పులు మార్చినప్పుడు వాటిని పారేసేవాళ్లు ఉన్నారు. ఆ బరువులు అదురు తగ్గించడానికే పెట్టారు, అలంకారానికి కాదు. ఆ తర్వాత హ్యాండిల్ క్లాంపు బోల్టులు, క్లచ్ హోల్డరు బోల్టు, ఇంజను మౌంటింగు బోల్టులు వరసగా పానా వేసి చూడండి. చెయిన్ బాగా వదులుగా ఉన్నా అదురు పెరుగుతుంది.

అన్నీ బిగువుగా ఉండి ఒక్క వేగంలోనే వణుకుంటే రాడ్డు పొడవో బరువో మార్చాలి. పొట్టి రాడ్డు అద్దం వేస్తే ఆ ఊగు వేరే వేగానికి జరుగుతుంది. అద్దం డొప్ప వెనక చిన్న సీసపు ముక్క అంటించినా అంతే. లాక్ నట్టు కింద రబ్బరు వాషరు పెట్టడం చాలా చోట్ల చూస్తున్నాం, అది చెయ్యకండి. రబ్బరు మీద నట్టు బిగుసుకోదు, పది రోజుల్లో రాడ్డు తిరగడం మొదలవుతుంది.

ప్రశ్న: యమహా బండి. కుడి అద్దం ఎంత తిప్పినా ఊడదు, ఇంకా బిగుస్తోంది. మెకానిక్ ఎడమది ఇట్టే తీశాడు. ఇంతకుముందు ఎవరో బలవంతంగా తిప్పారేమో, మర కాస్త గరుగ్గా ఉంది.
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: యమహా బళ్లలో చాలావాటికి కుడి అద్దం ఉల్టా మరతో వస్తుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది, ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. కారణం ఉంది. ముందుకు పోతున్న బండి కుడి అద్దం దేనికైనా తగిలితే అది వెనక్కి, అంటే పైనుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతుంది. మామూలు మరైతే ఆ దెబ్బకి ఇంకా బిగుసుకుని రాడ్డు విరుగుతుంది, లేదా హోల్డరు పగులుతుంది. ఉల్టా మర వదులై లొంగిపోతుంది. ఎడమవైపు మామూలు మరే ఆ పని చేస్తుంది.

మన దగ్గర తిరిగే మోటారు సైకిళ్లలో ఎక్కువ వాటికి అద్దం మర 10 మి.మీ., పిచ్ (ఒక్క చుట్టుకి లోపలికి దిగే మేర) 1.25 మి.మీ. కొన్ని స్కూటర్లకు 8 మి.మీ. కొనేటప్పుడు పాత అద్దం పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. కొత్తది చేత్తోనే తేలిగ్గా తిరగాలి. కనీసం 8 చుట్లు, అంటే 10 మి.మీ. లోపలికి వెళ్లాలి. మొదటి రెండు చుట్లలోనే పానా అవసరం పడితే మర కలవలేదన్నమాట, ఆపెయ్యండి. ఉల్టా మర ఉన్న చోట మామూలు అద్దం పెట్టాలంటే అడాప్టరు దొరుకుతుంది.

గరుకైన మరకు ముందు ఇనప బ్రష్షుతో తుప్పు తీసి, ఒక చుక్క నూనె వేసి, ముందుకు ఒక చుట్టు, వెనక్కి అర చుట్టు చొప్పున నెమ్మదిగా తిప్పండి. మర పూర్తిగా పోయి రాడ్డు ఊగుతుంటే లేతు పనివాళ్ల చేత లోపల స్టీలు స్ప్రింగు మర వేయించవచ్చు. లేదా హోల్డరు మార్చాలి. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉంటే కుడివైపు హోల్డరే బ్రేకు ఆయిలు డబ్బాతో కలిసి ఉంటుంది, ఆ పని తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. మరకు దారం చుట్టో, ఎం-సీల్ ముద్ద పెట్టో అద్దం నిలబెట్టవద్దు.

ప్రశ్న: పలాసలో స్కూటీ నడుపుతాను. గుంతలో పడ్డప్పుడల్లా ఎడమ అద్దం తలవంచుకుంటుంది. రాడ్డు గట్టిగానే ఉంది.
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అద్దం డొప్ప వెనక ఉండే గుండు జాయింటు అరిగింది. కొన్నింటికి వెనక స్క్రూ గాని 10 నంబరు నట్టు గాని ఉంటుంది, కొన్నింటికి చిన్న ప్లాస్టిక్ మూత కింద దాక్కుంటుంది. పావు చుట్టు చొప్పున బిగించి చూడండి. చేత్తో తిప్పితే బిగువుగా కదలాలి, గుంతకి కదలకూడదు. స్క్రూ లేని రకం అయితే గుండు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క పలచగా దూర్చి కొన్నాళ్లు నడపవచ్చు. ఫెవిక్విక్ పోసి అంటించకండి. పడినప్పుడు లొంగాల్సిన అద్దం పగిలి మొహానికో చేతికో గుచ్చుకుంటుంది.

ప్రశ్న: రాత్రి భోగాపురం వైపు హైవే మీద వెనక లారీల లైట్లకి కళ్లు చెదురుతున్నాయి. నల్ల ఫిల్ము అంటించమంటారా?
— ఒక పాఠకుడు, భోగాపురం

జవాబు: అంటించవద్దు. వెలుగు తగ్గిస్తుంది, దాంతో పాటు లైటు సరిగ్గా లేని మోపెడ్‌ని కూడా మింగేస్తుంది. ముందు అద్దం, హెల్మెట్ వైజరు శుభ్రం చెయ్యండి. సగం చెదురు దుమ్ము, గీతల వల్లే. చదును అద్దమైతే కుంభాకారానికి మార్చండి, వెలుగు పరుచుకుని కంటికి తక్కువ తగులుతుంది. వెనకవాడు హైబీమ్ తియ్యకపోతే ఎడమకి జరిగి దాటిపోనివ్వండి. అద్దం వంచేసుకుని నడపకండి.

ప్రశ్న: మాది కళింగపట్నం. అద్దాల అంచులు ఏడాది తిరక్కుండానే నల్లబడుతున్నాయి, రాడ్లు తుప్పు. మంచు రోజుల్లో పొద్దున్నే ఆవిరి కూడా.
— ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: ఉప్పుగాలి అంచు నుంచి లోపలికి పాకి కళాయిని, అంటే అద్దం వెనక ఉండే మెరుపు పూతని తినేస్తుంది. నల్లబడిన కళాయి తిరిగి రాదు. ఆ మచ్చ చూపు పడే చోటికి వచ్చేదాకా ఆగకుండా మార్చేయండి. కొత్త అద్దానికి మాత్రం మొదటిరోజే అంచు చుట్టూ రంగులేని గోళ్ల రంగు పలచగా రెండు పూతలు వేయండి, తేమ లోపలికి పోదు. డొప్ప కింద నీళ్లు పోవడానికి చిన్న రంధ్రం ఉంటే దాన్ని మాత్రం మూయకండి. వారానికోసారి మంచినీళ్లు పోసి తర్వాతే మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఉప్పూ ఇసకా ఉన్న అద్దాన్ని పొడిగా తుడిస్తే గీతలు పడి రాత్రి లైట్లకి చెదురు పెరుగుతుంది. వాటర్ సర్వీసు చేయించేటప్పుడు నీళ్ల గొట్టం అద్దం వెనక్కి పట్టవద్దని చెప్పండి.

రాడ్డుకి తుప్పు మొదలైన చోట ఎమెరీ కాగితంతో రుద్ది నల్ల ఎనామిల్ వేయండి. మరకు ఏడాదికోసారి గ్రీజు రాయండి, లేకపోతే ఇనుమూ అల్యూమినియమూ ఉప్పుతో కలిసి అతుక్కుపోయి అవసరమైన రోజున ఊడదు. ఆవిరికి షాంపూ ఒక చుక్క గుడ్డ మీద వేసి అద్దమంతా రాసి, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. రెండు మూడు రోజులు మంచు పట్టదు. వాన పడితే పోతుంది, మళ్లీ రాసుకోవాలి.